ఒక మనిషికి ఒక వరస

పోయిన శుక్రవారం సాయంత్రం బర్ దుబాయ్‌లో ఆఫీసు ముగించుకుని మెట్రో ఎక్కాను. కాలు పెట్టే చోటు లేదు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తెరిచి, చాచా పంపిన పాత వాయిస్ మెసేజ్ ఒకటి విందామని ఆయన పేరు నొక్కాను. అప్పుడప్పుడూ వింటుంటాను, అలవాటైపోయింది. పేరు పక్కన ఉండాల్సిన ఫొటో లేదు. దాని బదులు ఎవరో ఫిలిప్పీనో అమ్మాయి. ముందర కేకు, కేకు మీద కొవ్వొత్తులు. చాలా సంతోషంగా నవ్వుతోంది.

చాచా పోయి అప్పటికి పది నెలలు.

సంగతి అర్థం కావడానికి రెండు స్టేషన్లు పట్టింది. వాడకం ఆగిపోయిన నంబరును కొన్నాళ్ళు చూసి టెలిఫోన్ కంపెనీవాళ్ళు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇది నాకు తెలియనిది కాదు. ఈ దేశంలో నాకంటే బాగా తెలిసినవాడు ఉండడేమో కూడా. అయినా ఆ రోజు నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయనకే నచ్చదు. “పేరు పెట్టుకుని మనిసిని వెతకాకు నాయనా. మన క్యాంపులోనే నా పేరుగలోళ్ళు ఆరుమంది ఉండారు. ఎవురన్నా పిలిస్తే ఆరుమందీ తిరిగి చూస్తారు” అనేవాడు. కడప జిల్లా, రాయచోటి వైపు మనిషి. ఫోన్‌లో ఇంటివాళ్ళతో ఉర్దూ, మాతో సీమ తెలుగు, మేనేజరుతో క్యాంపు హిందీ. యాభై దాటిన వయసు, గోరింటాకు పెట్టి ఎర్రబరిచిన గడ్డం, భుజం మీద ఎప్పుడూ ఒక తుడుపు గుడ్డ. మా లేబర్ క్యాంపు మొత్తానికీ చాచాయే.

షార్జా పక్కన సజ్జాలో ఇనుప చట్రాలు చేసే ఫ్యాక్టరీ మాది. నాది జగిత్యాల పక్క ఊరు. డిగ్రీ రెండో ఏడు వదిలేసి హెల్పర్ వీసా మీద వచ్చాను. ఇంగ్లీషు చదవగలనని తెలిసి, వచ్చిన నాలుగు నెలలకి నన్ను స్టోర్‌లో ఆయన చేతికింద వేశారు. కరోనాకి ముందు చలికాలం అది.

మొదటి రోజే నా చేతిలో ఒక జత గ్లౌజులు పెట్టి అడిగాడు. “ఇది వస్తువా, వస్తువు గురించిన మాటా?”

నాకేం అర్థం కాలేదు. “వస్తువే గదా చాచా” అన్నాను.

“కుడి చెయ్యిది చినిగింది. అదీ?”

“అది… మాట.”

“ఆ. రెండూ ఒకే గడిలో రాస్తివంటే రేపు చినిగినేటివి ఎన్నో నేనడిగితే చెప్పలేవు. వస్తువుకు ఒక గడి, మాటకు ఒక గడి. పోయి రాయిపో.”

ఆ ప్రశ్న ఆయన అన్నిటికీ అడిగేవాడు. మెస్‌లో ఒకరోజు పప్పులో ఉప్పు లేదని ఒకాయన పళ్ళెం తోసేస్తే, చాచా ఆ పళ్ళెం తన ముందుకు లాక్కుని తీరిగ్గా చెప్పాడు. “పప్పు వస్తువప్పా. ఉప్పు ల్యాకపోయేది దాని గురించిన మాట. మాటను మార్చుకోవచ్చు, దానికి వస్తువునెందుకు పారేస్తావు?” అని ఉప్పు డబ్బా తెచ్చి పెట్టాడు. పళ్ళెం తోసేసినాయన తిట్టుకుంటూనే తిన్నాడు.

ఈ చాదస్తం ఎక్కడ పట్టుకుందో తర్వాత తెలిసింది. సజ్జాకి రాకముందు చాచా బర్ దుబాయ్‌లో, బట్టల కొట్లపైన ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పదకొండేళ్ళు పనిచేశాడట. టీలు ఇచ్చేది, కుర్చీలు సర్దేది, సాయంత్రం బోర్డు తుడిచేది. చదువు పదో తరగతి తప్పటం దగ్గరే ఆగింది. కానీ ఆయనకొక నియమం ఉండేది. బోర్డు మీద ఏముందో మొదటి నుంచి చివరిదాకా చదవకుండా తుడిచేవాడు కాదు.

“ఎవురో గొంతు పోయేదాకా చెప్పిందాన్ని చదవకుండా తుడిచేస్తే పాపం గదా” అనేవాడు. “అదే పాఠం పదకొండేండ్లు కండ్లముందర పడతా ఉంటే ఎవురికైనా వస్తాది. నా గొప్పేం ల్యా.”

అలా నేర్చుకున్న డేటాబేస్ పాఠాలు ఆయనకు కంఠతా వచ్చు. ఆ ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక స్టోర్ మనిషయ్యాడు. కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్క పట్టిక కూడా తయారుచేసే అవకాశం ఆయనకు రాలేదు. నేను దొరికాను.

మధ్యాహ్నం అన్నం గంటలో, ఖాళీ అట్టపెట్టెలు చింపి, ముక్కలు కోసి, కౌంటర్ మీద పరిచేవాడు. అదే నా కాలేజీ. మా క్యాంపు ఆఫీసులో ఒక పెద్ద పట్టిక ఉండేది. ప్రతి మనిషి పేరు పక్కన అతని గది నంబరు, ఆ గది ఏ బ్లాకు, ఆ గది ఏసీ ఏ రకం, దాని బాగోగులు చూసేది ఎవరు, అన్నీ రాసి ఉండేవి. గదికి ఎనిమిదిమంది. అంటే ఒకే ఏసీ ముచ్చట ఎనిమిదిసార్లు. ఏసీ మార్చినప్పుడు ఐదు చోట్ల దిద్దేవాళ్ళు, మూడు చోట్ల మరిచిపోయేవాళ్ళు. ఒకే గదిలో రెండు రకాల ఏసీలున్నట్టు కాగితం చెప్పేది.

చాచా మనుషులకు ఒక కట్ట, గదులకు ఒక కట్ట అట్టముక్కలు చేశాడు. గది సంగతులన్నీ గది ముక్క మీదే. మనిషి ముక్క మీద గది నంబరు ఒక్కటే. తర్వాత ఇనుప ఊచలు ముడేసే సన్నటి బైండింగ్ వైరు తీసి, మనిషి ముక్కకి ఒక చిల్లు, గది ముక్కకి ఒక చిల్లు పెట్టి, రెంటినీ కలిపి మెలితిప్పాడు.

“ఇదే నాయనా రిలేషన్ అంటే. ఒక మాట ఒక్క చోటనే ఉండల్ల. ఇంకో చోట కావాలంటే తీగ పట్టుకుని పోయి చూసుకోవల్ల.”

నాలుగు లక్షల అప్పు చేసి డిగ్రీ చదివినవాళ్ళకి కూడా ఇంత బాగా ఎవరూ చెప్పి ఉండరని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం.

ఖాళీ గడి గురించి మాత్రం ఆయన దగ్గర మాట పడ్డాను. ఫారాల్లో ‘పిల్లలు’ అన్నచోట రాయకుండా వదిలేసినవాళ్ళందరికీ నేను సున్నా వేసుకుంటూ పోయాను. ఆయన చూసి పెన్సిలు లాక్కున్నాడు.

“అడిగినావా వీళ్ళను?”

“లేదు చాచా. రాయలేదంటే లేరనే గదా.”

“తెలీదంటే తెలీదు, లేరంటే లేరు. అడక్కుండా సున్నా యేస్తివంటే ఒకడి సంసారం మీద నువ్వు తీర్పు చెప్పినట్ల. తెలీనిదాన్ని ఖాళీగా పెట్టు. ఖాళీ అంటే మనకు తెలీదని ఒప్పుకునేది. దాంట్లో సిగ్గేముండాది?”

“మరి నీకెంతమంది చాచా?” అన్నాను, ఇదే అదునని.

గడ్డం సవరించుకుని నవ్వాడు. “ఖాళీ పెట్టుకో” అన్నాడు. నేను ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

అన్నిటికంటే ముఖ్యమని ఆయన చెప్పిన పాఠం ఇంకొకటుంది. దాన్ని నేను బాగా వినలేదు.

“మన పట్టికలోకి వచ్చే ప్రతి మనిసికీ మనమే ఒక నంబరు ఇయ్యల్ల. ఆ నంబరుకు ఏ అర్థమూ ఉండగూడదు. అది ఆ మనిసిదే. ఆయప్ప పోయినా ఇంకొకడికి ఇయ్యగూడదు.”

“పోయినంక గా నంబర్ ఊకెనే పడి ఉంటది గదా చాచా?”

“ఉండనీ. నంబర్లకు కరువొచ్చిందా?”

ఆ వేసవికి కరోనా వచ్చింది. ఫ్యాక్టరీ ఆగింది, క్యాంపు గేటు మూశారు. మనుషుల పట్టిక ఒకటి వెంటనే కావాలన్నాడు మా మేనేజరు. ఆయన్ని అందరం ముదీర్ అనేవాళ్ళం. చాచా ముందుకొచ్చి నేను చేయిస్తానన్నాడు. స్టోర్‌కి ఒక పాత ల్యాప్‌టాప్ దొరికింది. సరిగ్గా అప్పుడే చాచాకి జ్వరం తగిలి పదిరోజులు వేరే గదిలో పెట్టారు. పట్టిక నా చేతిలో పడింది.

మూడొందల చిల్లర మంది. ఒక్కొక్కరికి కొత్త నంబరు ఇచ్చి, అది వాళ్ళకు చెప్పి, గుర్తుపెట్టుకోమని బతిమాలడం ఎవరివల్ల అవుతుంది? నాకొక ఐడియా తట్టింది. ప్రతివాడి దగ్గరా మొబైల్ ఉంది. ప్రపంచంలో ఏ ఇద్దరికీ ఒకే మొబైల్ నంబరు ఉండదు. అదే మనిషి గుర్తు. నా తెలివికి నేనే మురిసిపోయాను. పట్టిక ఎలా ఉండబోతుందో కాగితం మీద గీసి, ఫొటో తీసి చాచాకి పంపాను. ఆయన చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు. జ్వరంలో ఉన్నాడు, నచ్చే ఉంటుందిలే అనుకున్నాను.

గల్ఫ్ క్యాంపుల్లో బతికినవాడు ఎవడూ చేయకూడని పొరపాటు అది. మా దగ్గరొక ఆనవాయితీ ఉంది. ఇంటికో, ఇంకో సైటుకో వెళ్ళిపోయేవాడు తన సిమ్ పారేయడు, కొత్తగా దిగినవాడి చేతిలో పెట్టిపోతాడు. కొత్తవాడికి ఐడీ కార్డు వచ్చేదాకా సిమ్ దొరకదు, ఇంటికి ఫోన్ చేసుకోకపోతే ప్రాణం ఆగదు. నేను కూడా వచ్చిన కొత్తలో రెండు నెలలు ఎవరిదో సిమ్ మీదే మా అమ్మతో మాట్లాడాను. అది నాకు గుర్తుకే రాలేదు. పట్టిక ముందు కూర్చునేసరికి నేను క్యాంపు మనిషినన్న సంగతే మరిచిపోయాను.

మల్లేశం అనే వెల్డర్ మార్చి మొదట్లో మా కంపెనీదే ఉమ్ అల్ క్వైన్ యార్డుకి మారాడు. పోతూ తన సిమ్ లింగన్నకి ఇచ్చాడు. లింగన్నది నిర్మల్ దగ్గర ఊరు, వచ్చి నెల కూడా కాలేదు. పాత కాగితాల్లోంచి మల్లేశం వివరాలు, అతని భార్య ఫోన్ నంబరుతో సహా, అప్పటికే ఎక్కించేశాను. లింగన్న నంబరు కొట్టగానే ఈ నంబరు ఇదివరకే ఉందని ల్యాప్‌టాప్ చెప్పింది. ఒకసారి ఎక్కించినట్టున్నాను అనుకుని తర్వాతి మనిషికి వెళ్ళిపోయాను. అలా లింగన్నకి మా పట్టికలో వరసే లేకుండా పోయింది.

ఆస్పత్రికి తరలించినవాళ్ళ సంగతులు రోజూ పొద్దున ఒక చీటీగా వచ్చేవి. తెలుగు ఇళ్ళకి ఫోన్ చేసి చెప్పే పని నాది. పేర్లు అరబ్బీలోకి పోయి ఇంగ్లీషులోకి తిరిగొచ్చేసరికి ఎవరివో పోల్చుకోలేనట్టుండేవి. అందుకని పేర్ల మీద స్కేలు పెట్టి మూసేసి, మొబైల్ నంబర్లు మాత్రమే చూసేవాణ్ణి. అదీ నా తెలివే.

ఒకరోజు ఒక నంబరు ఎదురుగా ఇలా ఉంది: ఆక్సిజన్ మీద ఉన్నాడు, ఇంటివాళ్ళతో వీడియోలో మాట్లాడిస్తాం, నంబరు పంపండి. నేను పట్టిక చూసి మల్లేశం భార్య నంబరు ఆస్పత్రికి పంపాను. ఆమెకు ఫోన్ చేసి మెల్లగా చెప్పాను. ఆమె అరుపు ఇంకా చెవుల్లో ఉంది.

నర్సు వీడియో కలిపింది. మూతికి ముక్కుకి మాస్కు, చుట్టూ గొట్టాలు, ఇటువైపు కన్నీళ్ళు. ఆమె ఆ మనిషిని తన మొగుడే అనుకుని పది నిమిషాలు ఏడ్చింది. పిల్లల్ని దగ్గరికి లాక్కుని చూపించింది. మాస్కు వెనక లింగన్న మాట్లాడలేని స్థితిలో ఉన్నాడు. ఎవరో తెలియని ఆడమనిషి తనకోసం అలా ఏడుస్తుంటే చూస్తూ, చెయ్యి పైకెత్తాడని నర్సు తర్వాత చెప్పింది.

మధ్యాహ్నం మల్లేశం ఉమ్ అల్ క్వైన్ నుంచి ఫోన్ చేశాడు. “ఎవడ్రా మా ఇంటికి ఫోన్ చేసింది? నేను మంచిగనే ఉన్న గదరా! మా ఆడిది సగం సచ్చింది!” స్పీకర్ మీద పెడితే గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, గండం గడిచిందనిపించి.

చాచా ఆ పొద్దే గదిలోంచి బయటికి వచ్చాడు. చిక్కిపోయి, గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన నవ్వలేదు.

“అట్లయితే ఆస్పత్రిలో ఉండేది ఎవురు?” అన్నాడు.

గదిగదికీ తిరిగాం. మంచం మంచానికీ మనుషుల్ని లెక్కపెట్టాం. పొద్దుగూకే వేళకి లింగన్న అని తేలింది. పక్క మంచం అతని దగ్గర వాళ్ళింటి నంబరు దొరికింది. లింగన్న భార్యకి నేనే ఫోన్ చేశాను. “రేపు పొద్దుగాల వీడియోల మాట్లాడిపిస్తం అక్కా, రంది పడకు” అన్నాను. తెల్లారి ఆస్పత్రికి ఫోన్ చేస్తే లింగన్న పోయాడన్నారు. చాచా నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. ఆమెకు ఆ మాట చెప్పింది ఆయనే.

ముదీర్ స్టోర్‌కి వచ్చి పట్టిక కాగితం కౌంటర్ మీద కొట్టాడు. “యే లిస్ట్ కిస్‌నే బనాయా?” అని అరిచాడు, ఎవరు చేశారిది అని.

నేను చాచా పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే సరిపోయేది.

“మైనే బనాయా సాబ్” అన్నాడు చాచా. నేనే చేశాను అని.

నేను నేల చూశాను. ఈ ఒక్క సంగతి రాయడానికే ఈ కాగితమంతా రాస్తున్నానేమో.

పదిరోజుల తర్వాత ఆయన్ని ఉమ్ అల్ క్వైన్ యార్డు గేటు దగ్గర కాపలాకి పంపేశారు. ల్యాప్‌టాప్ నా దగ్గరే ఉంచారు. పోయేముందు చాచా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పట్టికను మొదటినుంచీ మళ్ళీ చేయించాడు. మనుషులకు మా సొంత నంబర్లు. సిమ్‌లకు వేరే పట్టిక: ఏ నంబరు ఎవరి దగ్గర, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా. “ఫోన్ నంబరు మనిసి కాదు నాయనా. అది కొన్నాళ్ళు మనిసి దగ్గర ఉండిపోతాది, అంతే.”

“ఒకటో నంబరు ఎవరికియ్యాలె చాచా?”

“లింగన్నకు.”

“పోయినాయనకు ఎందుకు చాచా?”

“ఉండినాడు గదా” అన్నాడు.

నేను కొట్టాను. ఒకటి, లింగన్న. భార్య పేరు, ఇంటి నంబరు. ఆ గడి నింపుతుంటే ఆయన భుజం మీది గుడ్డతో కళ్ళు తుడుచుకోవడం చూశాను. స్క్రీన్ మీద దుమ్ము తుడుస్తున్నట్టు నటించి నేనూ తుడుచుకున్నాను.

తర్వాత సెలవు దొరికిన వారమల్లా ఉమ్ అల్ క్వైన్ బస్సెక్కేవాణ్ణి. గేటు పక్క ప్లాస్టిక్ కుర్చీ ఆయనకి, తిరగేసిన పెయింటు డబ్బా నాకు. సముద్రం గాలికి కాగితాలు ఎగరకుండా బోల్టులు పెట్టి పాఠం చెప్పేవాడు. మధ్యలో లారీ వస్తే లేచి, రిజిస్టరులో రాసుకుని, గేటు తీసి, మళ్ళీ వచ్చి వదిలిన మాట దగ్గరే అందుకునేవాడు. లారీ నంబరు ఒక గడిలో, డ్రైవరు ఒక గడిలో. గేటు రిజిస్టరును కూడా ఆయన వదల్లేదు. “లారీకి డ్రైవర్లు మారతారు, డ్రైవరుకు లారీలు మారతాయి. అందుకే రెంటికీ నడుమ ఇంకో పట్టిక ఉండల్ల” అని ఆ లారీల మీదే నాకు చెప్పాడు. మూడేళ్ళు అలా తిరిగాను. వెళ్ళిన ప్రతిసారీ ఈసారి ఆ లిస్టు మాట ఎత్తాలనుకునేవాణ్ణి. ఆయన పాఠం మొదలుపెట్టేవాడు. నాకూ అదే హాయిగా ఉండేది.

ఆయన పోరు పడలేకే బర్ దుబాయ్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. మొదటిరోజు సారు బోర్డు మీద రెండు డబ్బాలు గీసి మధ్యలో ఒక గీత కలిపాడు. మిగతావాళ్ళు తలలు పట్టుకున్నారు. నాకు మాత్రం అక్కడ బైండింగ్ వైరు కనబడింది. క్లాసు అయ్యాక బోర్డు తుడిచే మనిషి వచ్చేదాకా కావాలనే కూర్చున్నాను. ఆయన చదవకుండానే తుడిచేశాడు. ఎందుకో చాలా కోపం వచ్చింది, పాపం ఆయనేం చేశాడని. ఆ చదువు మీదే బట్టల హోల్‌సేల్ కంపెనీలో సరుకు డేటాబేస్ చూసే ఉద్యోగం వచ్చింది. మొదటిరోజు ఆఫీసు బల్ల ఫొటో చాచాకి పంపితే, తిరిగి వాయిస్ మెసేజ్ పెట్టాడు. “బల్ల బాగుండాది నాయనా. తుడుచుకుంటా ఉండు.” మొన్న మెట్రోలో వినబోయింది అదే.

చివరిసారి కలిసింది ఆయన ఇక చాలని ఇంటికి వెళ్ళిపోయే ముందు వారం. దగ్గు పట్టుకుని వదలడం లేదు. అట్టపెట్టె ఒకటి, సంచి ఒకటి కట్టుకుని ఉన్నాడు. యార్డులో కొత్తగా వచ్చిన బీహారీ కుర్రాడు సిమ్ ఇచ్చిపో చాచా అని అడిగితే, ఎప్పుడూ ఎవరికీ లేదనని మనిషి లేదన్నాడు.

“నేను పోతే నా నంబరు నాతోనే పోవల్ల” అన్నాడు నాతో. “కంపెనీవాళ్ళు ఇచ్చుకుంటే అది వాళ్ళ ఇష్టం. నా చేత్తో నేనియ్యను.”

అప్పుడు ధైర్యం చేశాను. “చాచా, ఆ లిస్టు నేను చేసిన. ముదీర్ అడిగినప్పుడు నేను చెప్పాలె. చెప్పలే.”

ఆయన కుర్చీ చేతులు తుడుస్తున్నాడు. తుడుస్తూనే అన్నాడు. “నువ్వు ఫొటో పంపినావు గదా. చూసినా. తప్పని అప్పుడే తెలిసె. పిల్లోడు సొంతంగా ఆలోచన చేసినాడు, రేపు చెప్తాంలే అనుకున్యా. ఆ రేపు చెప్పల్యా. తప్పు నాదే.”

నిజంగానే చూశాడో, నా కోసం అన్నాడో ఇప్పటికీ తెలియదు. నీలం గీతలైతే పడ్డాయి. నూటరెండు జ్వరంలో ఉన్న మనిషి తెరిచి చూడకుండా వేలు తగిలినా పడతాయి. ఈ గడి కూడా ఖాళీగానే పెట్టుకున్నాను.

“లింగన్న పెండ్లానికి ఎప్పుడన్నా ఫోన్ చేసినావా?” అని అడిగాడు.

“లేదు చాచా.”

బస్సు వచ్చేదాకా ఇద్దరం లారీలు చూస్తూ కూర్చున్నాం. రెండు నెలలు తిరక్కుండానే ఆయన పోయాడని క్యాంపు గ్రూపులో వచ్చింది. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. నేను ఏమీ పెట్టలేకపోయాను.

మొన్న శుక్రవారం మెట్రోలో దారి తప్పి, వెనక్కి వచ్చి, గదికి చేరి, చెప్పులు కూడా విడవకుండా పాత ఫైలు తెరిచాను. ఒకటో వరస. లింగన్న. భార్య పేరు రాజవ్వ. ఆ పక్కన నంబరు. ఇన్నేళ్ళూ అది నా దగ్గరే ఉంది. కొట్టాను.

“ఎవలు?”

“దుబాయ్ నుంచి అక్కా. లింగన్న పనిచేసిన కంపెనీల ఉండెటోన్ని.”

“చాచా చెయ్యమన్నడా?” అంది.

“చాచా నీకెట్ల తెలుసక్కా?” అన్నాను.

“నెలకోపారి చేసెటోడు. ఒక్క నెల ఇడిచిపెట్టలే. ఏం వండినవు తల్లీ, పిల్ల బడికి పోతున్నదా అని అడిగెటోడు. పెట్టేసే ముంగట ప్రతిసారి అనెటోడు, తప్పు నాది తల్లీ, మీ ఆయనతోని నిన్ను మాట్లాడనియ్యలే అని. ఇగ ఇడువు చాచా అని నేనే అనేదాన్ని. ఏడాదాయె, చేస్తలేడు. వాట్సాప్‌ల వాయిస్ పెట్టిన. మొన్న చూస్తె ఎవలో పిల్ల ఫొటో అచ్చింది, కేకుతోని. చాచా బిడ్డనా?”

ఆయనకు బిడ్డ ఉందో లేదో నాకు తెలియదు. ఆ ఫొటోలో అమ్మాయి ఎవరో నాకూ తెలియదు, ఆయనకూ తెలిసే అవకాశం లేదు.

ఈసారి తొందరపడలేదు. వరస మీద వేలు పెట్టి, పేరు చూసుకుని అడిగాను. “అక్కా, నువ్వు రాజవ్వవే గదా? లింగన్న భార్యవు?”

“అవ్, నేనే. ఎందుకట్ల అడుగుతున్నవ్?”

అప్పుడు చెప్పాను. ముందు చాచా సంగతి. ఆమె ఏడ్చింది, నన్నూ ఏడవనిచ్చింది. తర్వాత, తప్పు చాచాది కాదక్కా, నాది, అని మొదటినుంచీ చెప్పాను. స్కేలు పెట్టి పేర్లు మూసిన సంగతి కూడా దాచలేదు.

ఫోన్ పెట్టేసిందేమో అని చూసుకున్నాను. లేదు, ఉంది. వెనక ఎక్కడో కుక్కరు కూత వినబడింది.

“చాచా పదో తారీఖు చేసెటోడు” అంది చివరికి. “పొద్దుగూకినంక. పిల్ల బడి నుంచి అచ్చి ఉంటది.”

ఆ తారీఖు ఒకటో వరసలో, ఆమె పేరు పక్కన రాసుకున్నాను.